పాసైన సంవత్సరం తప్పనిసరి

"మా హాస్టల్ పడగొట్టీస్తారట," అన్నారు మా అత్తగారు చర్చి నుంచి వస్తూనే. చెప్పులు విప్పలేదు, చేతిలో బైబిలు కింద పెట్టలేదు. గుమ్మంలో నిలబడే చెప్పారు.

ఆవిడ కళింగపట్నంలో పడవలున్న ఇంటి ఆడపిల్ల. స్కూలు చదువు అవగానే మా జిల్లాలోనే ఒక పాత మిషన్ ఆసుపత్రి వాళ్ళ నర్సింగ్ స్కూల్లో చేరారు. అక్కడే చదివి, అక్కడే ఉద్యోగంలో కుదురుకుని, హెడ్ నర్సుగా అక్కడే రిటైరయ్యారు. పెళ్ళయ్యేదాకా ఆవిడ ఉన్నది ఆ హాస్టల్లోనే. పొడవాటి వరండా, వరసగా గదులు, వెనక బట్టలుతికే బండలు. దాన్ని తీసేసి ఇప్పుడు కొత్త బ్లాకు కడతారట.

"పడగొట్టే లోపల మా పాతోళ్ళందరం ఒకసారి అందులో కూకోవాల," అన్నారు.

మర్నాడే వెళ్ళి ఆసుపత్రి సెక్రటరీని అడిగి వచ్చారు. ఆయన కాదనలేదు. క్రిస్మస్ హడావుడి మొదలవక ముందు ఒక శనివారం హాస్టల్ ఇస్తానన్నాడు. కాకపోతే ఎవరెవరు వస్తారో, ఏ బ్యాచివాళ్ళో తనకు ముందే తెలియాలన్నాడు. "ఈ రోజుల్లో అందరూ వెబ్‌సైట్ పెట్టి అందులోనే పేర్లు రాయించుకుంటున్నారు కదమ్మా, మీరూ అలాగే చెయ్యండి," అని ఒక సలహా కూడా పారేశాడు. ఆ సలహా వచ్చి నా నెత్తిన పడింది.

"నువ్వు కంప్యూటరు సెప్తావు కదా," అన్నారు అత్తగారు.

నేను కంప్యూటరు పాఠాలు చెప్పే మాట నిజమే. ఎచ్చెర్ల దాటాక ఉన్న ఒక ప్రైవేటు డిగ్రీ కాలేజీలో పిల్లలకు సి లాంగ్వేజి, ఆఫీసు ప్యాకేజీలు చెప్పేదాన్ని. వెబ్‌సైట్ మాత్రం జన్మలో ఎప్పుడూ కట్టలేదు. ఆ రెండూ వేరని చెప్పబోయాను.

"నర్సు అన్నాక అన్ని వార్డులూ సూడాల. నాకు రాదంటే కుదర్దు," అని తేల్చేశారు.

మా ఆయన మందుల కంపెనీ రిప్రజెంటేటివ్. వారంలో సగం రోజులు బొబ్బిలి, పార్వతీపురం వైపు తిరుగుతూ ఉండేవాడు. అతను భోజనం దగ్గర విని, "అమ్మా, వాట్సాప్‌లో గ్రూపు పెట్టుకుంటే పోయేదానికి ఇదంతా ఎందుకే?" అన్నాడు.

"మావోళ్ళలో సగం మందివి బటన్ ఫోన్లురా. వెబ్‌సైట్ అయితే కొడుకో కోడలో సూసి నింపి పెడతారు. ఒక పాలి సెప్తే అవిపోద్ది."

ఒక్కసారి చెప్తే అయిపోతుందని ఆ రోజు నేనూ అనుకున్నాను.

ఫోన్లలో నెట్ అప్పుడప్పుడే చవకవుతున్న రోజులవి. ఇంట్లో నాకున్నది కంప్యూటర్‌కి గుచ్చుకునే డాంగిల్ ఒకటి. దాన్ని పట్టుకుని కిటికీ ఊచల దగ్గర కూర్చుంటే నెట్ వచ్చేది, లోపలికి జరిగితే పోయేది. కాలేజీలో నా పక్క టేబుల్ మేడమ్ ఒక ఉచిత వెబ్‌సైట్ కంపెనీ పేరు, ఒక ఉచిత ఫారాల కంపెనీ పేరు చెప్పింది. రెండింటి మీదా ఒకటే రాసుంది: కోడింగ్ అక్కర్లేదు, లాగి వదిలితే చాలు, నిమిషాల్లో తయారు. ఆ నిమిషాల మీద నాకు ఇప్పటికీ కోపం పోలేదు.

వెబ్‌సైట్ వరకూ ఫరవాలేదు. హాస్టల్ ఫోటో ఒకటి, నాలుగు మాటలు, కింద అత్తగారి ఫోన్ నంబరు. ఊపిరాడనిది ఫారంతోనే. ముందు పేరు దగ్గరే ఆగిపోయాం. వాళ్ళిచ్చిన గడిలో మొదటి పేరు, చివరి పేరు అని రెండు భాగాలు. మన ఇంటిపేరు ముందొస్తుంది, వాళ్ళకది చివర ఉండాలి. పైగా నర్సులందరూ పెళ్ళిళ్ళయి ఇంటిపేర్లు మారినవాళ్ళు. పెళ్ళికి ముందు పేరుతో తప్ప ఒకరినొకరు గుర్తుపట్టలేరు. అందుకని పుట్టింటి పేరుకి ఇంకో గడి. అది పెడితే, "మరి మావోళ్ళలో బాప్తిస్మం తీసుకుని పేరు మార్చుకున్నోళ్ళు ఉన్నారు కదా," అన్నారు. ఇంకో గడి.

తర్వాత ఆవిడ అడగమన్న ప్రశ్నలు మొదలయ్యాయి. మొదట ఏ వార్డులో వేశారు? ఏ ట్యూటరు దగ్గర చదివారు? హాస్టల్ మెస్సులో గంజి పారబోసి దొరికిపోయినవాళ్ళలో నువ్వున్నావా లేదా?

"అత్తయ్యా, ఇవన్నీ ఎందుకు? కలిసినప్పుడు అడుక్కోవచ్చు కదా."

"కలిసినప్పుడు అబద్దం సెప్తారే."

గంజి ప్రశ్న తీయించడానికి ఒక సాయంత్రం పట్టింది. పుట్టినరోజు ఉంచుదామన్నారు కాబట్టి అది పెట్టి, నింపి చూడమని కంప్యూటర్ ముందు కూర్చోబెట్టాను. క్యాలెండర్ తెరుచుకుంది, ఈ నెలది. వెనక్కి వెళ్ళే బాణం నొక్కితే పోయిన నెల వచ్చింది. మళ్ళీ నొక్కితే అంతకు ముందు నెల. ఆవిడ పుట్టింది స్వాతంత్ర్యం వచ్చిన కొత్తలో. కొంతసేపు ఓపిగ్గా నొక్కారు, నడుం పట్టేసింది, అప్పటికి ఇంకా మా పెళ్ళి సంవత్సరం దగ్గరే ఉన్నారు.

"నాను పుట్టేసరికి నా ఏలు అరిగిపోతాది," అని లేచిపోయారు. పుట్టినరోజు కూడా తీసేశాను.

ఇక చుక్కలు. నింపక తప్పని గడి పక్కన ఎర్ర చుక్క పెట్టుకోవచ్చు. పేరు, ఫోను, పాసైన సంవత్సరం, ఈ మూడింటికీ పెట్టాను. సెక్రటరీ అడిగింది బ్యాచే కాబట్టి సంవత్సరం తప్పనిసరి. అది వదిలేస్తే పంపే బటన్ పనిచేయదని చెప్తే అత్తగారు మహా సంతోషపడ్డారు. "పెట్టు, పెట్టు. కేసు షీటులో కాళీ కనిపిస్తే నాను ఊరుకునీదాన్ని కాదు."

ఫారం తయారైంది. దాన్ని తీసుకెళ్ళి వెబ్‌సైట్లో అతికించాలి. ఫారాల కంపెనీ ఒక కోడ్ ఇస్తుంది, దాన్ని కాపీ చేసి పేజీలో పెట్టడమే అన్నారు. పెట్టాను. పేజీ తెరిచి చూస్తే ఫారానికి బదులు ఆ కోడే కనిపిస్తోంది, ఇంగ్లీషు అక్షరాలూ బ్రాకెట్లూ కలిసి ఒక ముద్దలా. అత్తగారు అద్దాలు సర్దుకుని చూసి, "ఇది నింపడం మావోళ్ళ వల్ల కాదే," అన్నారు. నవ్వాలో ఏడవాలో తెలియలేదు. కోడ్‌కి వేరే పెట్టె ఉంటుందని, అందులో వేయాలని తర్వాత తెలిసింది. ఆ పెట్టెలో వేస్తే, ఉచిత ఖాతాలో ఈ రకం కోడ్ ఒప్పుకోమని ఎర్ర అక్షరాలతో కసురుకుంది. ఇంకో రకం కోడ్ తెచ్చి వేశాను. ఫారం వచ్చింది, అగ్గిపెట్టంత. పేరు గడి ఒక్కటే కనిపిస్తోంది, మిగతావి లోపల ఎక్కడో ఉన్నాయి. ఎత్తు పెంచాను. కంప్యూటర్లో బాగానే ఉంది. ఫోన్లో చూస్తే అడుగున పంపే బటన్ సగం తెగిపోయింది.

ఈ మధ్యలో కరెంటు పోవడాలు, డాంగిల్‌లో నెట్ అయిపోవడాలు ఎన్నో. కాలేజీ నుంచి వచ్చి బ్యాగు కింద పెట్టకముందే "అయినాదా?" అని అడిగేవారు అత్తగారు. "ఎక్కడిదత్తయ్యా," అంటే మొహం చిన్నబుచ్చుకునేవారు. ఆవిడ అడిగారని విసుక్కోవడం, విసుక్కున్నానని బాధపడటం, మళ్ళీ కిటికీ దగ్గర కూర్చోవడం. దసరా సెలవులు మొత్తం ఆ బటన్‌కే పోయాయి. చివరికి ఎత్తు ఇంకా ఇంకా పెంచుతూ పోతే ఒక రోజు బటన్ పూర్తిగా కనిపించింది. కింద జానెడు ఖాళీ వదిలిందనుకోండి, ఇక దాని జోలికి పోలేదు.

అత్తగారు ఆ రోజు నుంచి ఫోను వదల్లేదు. తెలిసినవాళ్ళందరికీ చేసి సైటు పేరు చెప్పడం. ఆ పేరు మూరెడు పొడుగు, ఉచితం కదా, మధ్యలో ఆ కంపెనీ పేరు కూడా ఉంటుంది. ఒక్కొక్క ఇంగ్లీషు అక్షరం చెప్తూ, మధ్యలో చుక్కలు చెప్తూ, "సుక్కంటే సుక్కే, ముగ్గు సుక్కలాటిది," అని వివరిస్తూ ఉండేవారు.

మొదటి వారం బాగానే వచ్చాయి. గల్ఫులో ఉన్న ఒకావిడ, రాయగడలో స్థిరపడిన ఒకావిడ, విశాఖపట్నం నుంచి కొందరు. పేరు వచ్చినప్పుడల్లా నేను చదివి వినిపిస్తే, అత్తగారు వాళ్ళ హాస్టల్ కథ ఒకటి చెప్పేవారు. ఆ వారం నా కష్టం నాకు కష్టంగా అనిపించలేదు.

తర్వాత రావడం మొదలైనవి వేరు. ఆసుపత్రికి సొంత వెబ్‌సైట్ లేదు. నెట్‌లో ఆ ఆసుపత్రి పేరు కొడితే మా సైటే ముందు కనిపించేదట. "చర్మం డాక్టరు మంగళవారం ఉంటారా?" అని పేరు గడిలో రాసి, పాసైన సంవత్సరం దగ్గర నోటికొచ్చింది పెట్టి పంపేవారు. ల్యాబులో ఉద్యోగం కావాలని ఒకరు. మా నాన్నకి ఆపరేషన్ చేశారు, కుట్లు ఎప్పుడు విప్పుతారని ఒకరు. అత్తగారు వీళ్ళలో కొందరికి ఫోన్ చేసి మరీ సమాధానం చెప్పారు, కుట్ల విషయంలో అయితే చాలాసేపు మాట్లాడారు. నేను మొదట్లో అలాంటివి తీసేసేదాన్ని. పరీక్ష పేపర్లు దిద్దే రోజులొచ్చాక అటు చూడటమే తగ్గింది.

తర్వాత ఒక్కటీ రాలేదు. చర్మం డాక్టరు కోసం కూడా ఎవరూ అడగలేదు. "ఇయ్యేల వచ్చినాయేటి?" అని రోజూ అడిగే అత్తగారు కొన్నాళ్ళకు అడగడం మానేశారు. ఒక సాయంత్రం గిన్నెలు సర్దుతూ, నాతో కాదన్నట్టు, "ఎవరికి గావాల్లే ఇప్పుడు ఆ హాస్టలు," అన్నారు. అంతవరకూ ఆవిడ నోట అలాంటి మాట నేను వినలేదు.

ఆ మరుసటి ఆదివారం మధ్యాహ్నం అత్తగారి ఫోన్ మోగింది. ఆవిడకు ఒక చెవి సరిగా వినపడదు, అందుకని ఎప్పుడూ స్పీకర్ పెట్టే మాట్లాడతారు.

"యజమాని నువ్వేనా?" అంది అవతల ఒక ముసలి గొంతు.

"ఏటి? ఎవరు గావాల?"

"యజమానిని సంప్రదించండి అని ఉన్నాదిక్కడ. మా కోడలు సదివి సెప్పినాది. కింద నంబరు నీది. అంచేత నువ్వే యజమానివి."

అత్తగారు గొంతు గుర్తుపట్టారు. "ఓలమ్మ! నువ్వటే? భావనపాడులోనే ఉన్నావా?"

"ఎక్కడుంటే నీకెందుకే? ముందేమో పాసైన సంవత్సరం సెప్పమన్నావు. నాను పాసవనేదని నీకు తెల్దా? అది రాయకపోతే ముందుకెల్లనేదు. పోనీ ఇంకోపాలి సూద్దారని కొన్నాళ్ళాగి మళ్ళీ తీయించినాను. ఈపాలి తలుపే మూసీసావు. ఇక స్వీకరించము అని రాసీసావు. అప్పుడు మేట్రను మూసినాది, ఇప్పుడు నువ్వు మూసినావు. ఉంటాను."

ఫోన్ పెట్టేసింది. అత్తగారు తిరిగి చేశారు, ఎత్తలేదు. మళ్ళీ చేశారు, ఎత్తలేదు.

నేను నా ఫోన్లో సైటు తెరిచాను. ఫారం లేదు. దాని చోట బూడిదరంగు పెట్టె, అందులో రెండు ఇంగ్లీషు వాక్యాలు: ఈ ఫారం ప్రస్తుతం జవాబులు స్వీకరించడం లేదు, వివరాలకు యజమానిని సంప్రదించండి. ఉచిత ఖాతాకు నెలకు ఇన్ని జవాబులే అని ఒక పరిమితి ఉందట. కంపెనీవాళ్ళు ఎప్పుడో మెయిల్ పంపారు, అది ప్రకటనల మెయిళ్ళలో కలిసిపోయింది. ఆ పరిమితిని నింపింది మా నర్సులు కాదు. చర్మం డాక్టరు కోసం వచ్చినవాళ్ళు. నేను తీసేసినవి కూడా లెక్కలోనే ఉన్నాయి.

ఇదంతా చెప్తుంటే అత్తగారు నా మాట వినడం లేదు. చాలాసేపటికి ఆ భావనపాడు ఆవిడ గురించి చెప్పారు.

ఇద్దరూ ఒకే బ్యాచి, ఒకే గది. ఇద్దరివీ సముద్రం మీద బతికే ఇళ్ళే కాబట్టి మొదటి రోజే జత కలిసింది. చదువులో భావనపాడు ఆవిడే ముందు. మూడో ఏడు, ఆఖరి పరీక్షలు దగ్గర పడుతుండగా వాళ్ళ నాన్న వచ్చి సంబంధం కుదిరిందన్నాడు. పెళ్ళి చేసుకున్న పిల్ల హాస్టల్లో ఉండకూడదు, అప్పటి రూలు అది. పరీక్షలయ్యేదాకా ఆగమని ఆవిడ ఏడ్చినా నాన్న ఆగలేదు, ఉండనిమ్మని బతిమాలినా మేట్రన్ ఉండనివ్వలేదు.

"అది పెట్టె సర్దుకుని ఎల్లిపోతంటే మమ్మల్ని కిలాసులోంచి లెగనివ్వనేదు. కిటికీలోంచి సూసినాను, అంతే," అన్నారు అత్తగారు. "దానికి నువ్వెట్టిన సుక్క తగిలినాదే."

ఆ మాటకు నాకు ఒళ్ళు మండింది. చుక్క పెట్టు పెట్టు అన్నది ఆవిడే. దసరా సెలవులు పోగొట్టుకున్నది నేను. ఆ మాటే అనబోయి, ఆవిడ మొహం చూసి ఊరుకున్నాను.

తర్వాతి సెలవు రోజు ఇద్దరం బయల్దేరాం. టెక్కలి దాకా బస్సు, అక్కడి నుంచి ఆటో. నౌపడ ఉప్పుమడులు దాటాం. భావనపాడులో దిగి అడిగితే ఇల్లు ఎవరైనా చూపిస్తారు, ఎండుచేపల వ్యాపారంలో ఆవిడ పేరు మోసిన మనిషి. ఇంటి ముందు టార్పాలిన్ పట్టాల మీద నెత్తళ్ళ చేపలు ఆరబోసి ఉన్నాయి. పక్కన మంచం మీద ఆవిడ కూర్చుని, కాకుల్ని తోలుతూ ఉంది. బక్కపల్చని మనిషి, గొంతు మాత్రం ఫోన్లో విన్నదే.

మమ్మల్ని చూసి లేవలేదు.

"యజమానిగారొచ్చారు," అంది తన కోడలితో.

"ఎటకారమాడకే. ఎండలో పడొచ్చినాను," అన్నారు అత్తగారు.

"రమ్మన్నానేటి?"

అత్తగారు పిలవకుండానే మంచం మీద పక్కన కూర్చున్నారు. నేను నిలబడే ఉన్నాను. ఆ కోడలు మంచినీళ్ళు తెచ్చిచ్చింది. విషయం చెప్పాల్సింది నేనే కాబట్టి మొదలుపెట్టాను.

"అమ్మా, అది మా అత్తయ్య మూసింది కాదండి. ఆ ఫారం ఉచితంగా ఇచ్చే కంపెనీది. నెలకు ఇంతమందికే అని వాళ్ళ లెక్క. అది దాటితే వాళ్ళే ఆపేస్తారు."

"రేషను డిపోయేటి?"

"అలాంటిదేనండి."

"మరి మావోళ్ళంతా రాసీసారా, అయిపోడానికి?"

చర్మం డాక్టరు సంగతి చెప్పాను. కుట్ల సంగతి కూడా చెప్పాను. నమ్మలేదు. ఫోన్ తీసి చూపిద్దామంటే సిగ్నల్ లేదు. ఆ కోడలు తుపాను షెల్టరు దగ్గర వస్తుందంటే అక్కడికి వెళ్ళి, మెట్లెక్కి, ఫోన్ పైకెత్తి నిలబడి, నా ఖాతా తెరిచి, పాసైన సంవత్సరం పక్కనున్న ఎర్ర చుక్క తీసేశాను. ఆ చిన్న తెర మీద అది ఒక్కటి తీయడానికే చెమటలు పట్టాయి. తెరిచి ఉంచి పరిగెత్తుకొచ్చి చూపించాను.

"ఇదిగోండి, తీసేశాను. ఇంక సంవత్సరం రాయక్కర్లేదు."

ఆవిడ ఫోన్ వైపు చూసి, "అయితే ఇప్పుడు రాయి నా పేరు," అంది.

రాయలేను. చుక్క పోయింది గానీ ఫారం ఇంకా మూసే ఉంది. "ఒకటో తారీఖు దాకా తెరుచుకోదండి," అన్నాను. అంటుంటే నా గొంతు నాకే వినబుద్ధి కాలేదు. అంత దూరం వచ్చి, ఆవిడ మొదటిసారి రాయమంటే, అప్పుడు కూడా కుదరదని చెప్పాల్సి వచ్చింది. ఫోన్ ఇసకలోకి విసిరేయాలనిపించింది.

ఆవిడ ఫక్కున నవ్వింది. "ఒకటో తారీకుకి మళ్ళీ సర్మం డాక్టరు కోసం వచ్చీస్తారు," అంది. అత్తగారూ నవ్వారు. నాకు మాత్రం నవ్వు రాలేదు.

నవ్వు ఆగాక అత్తగారు అడిగారు. "ఆ దినం నాను లెగాల్సింది. లెగనేదు. నీకు కోపమా?"

"నువ్వు లెగిస్తే మేట్రను నీ పెట్టె కూడా సర్దించీది. ఇద్దరం పోయీవోళ్ళం. కోపమెందుకే, మూడేళ్ళు సదివినాను కదా, ఎక్కడా నా పేరు నేదని బాద. అంతే." కాకి వాలితే కర్ర విసిరింది. "అన్నం తిని ఎల్లండి."

తిరుగు బస్సులో అత్తగారు, "ఇంక ఆ గడులొద్దు. ఫోన్లు సేస్తాను," అన్నారు. అన్నట్టే చేశారు. ఒకరి ద్వారా ఇంకొకరి నంబరు కనుక్కుంటూ, పాసయ్యావా అని అడక్కుండా, హాస్టల్లో ఉన్నావా అని మాత్రమే అడుగుతూ. సెక్రటరీకి మాత్రం వెబ్‌సైట్లో ఉన్న పేర్లే కావాలి. అందుకని ఆవిడ ఫోన్లో కనుక్కున్నవాళ్ళ పేర్లన్నీ, ఒకటో తారీఖు రాగానే, నేనే నింపాను. ఫారాన్ని తయారుచేసినదాన్నే కూర్చుని ఒక్కొక్కరి పేరునా నింపి పంపడం, మళ్ళీ నాకే మెయిల్ రావడం. మా ఆయన ఊరి నుంచి వచ్చి చూసి, "ఈ పని కాగితం మీద చేస్తే దసరాకే అయిపోయేది," అన్నాడు. అతనితో రెండు రోజులు మాట్లాడలేదు.

అనుకున్న శనివారం వచ్చింది. మేం వెళ్ళేసరికి హాస్టల్ సగం గదులకు పైకప్పు లేదు. కాంట్రాక్టరు ముందే పని మొదలుపెట్టేశాడు. సెక్రటరీ నొచ్చుకుని, వరండా వరకూ ఊడ్పించి, షామియానా వేయించాడు. అత్తగారు ఆ పైకప్పు లేని గదుల్లోకి చూసి దిగులుపడ్డారు. కానీ మనుషులు రావడం మొదలయ్యాక ఆ దిగులు నిలవలేదు. తెల్లజుట్టు ఆడవాళ్ళు ఒకరి చెయ్యి ఒకరు పట్టుకుని "ఓలప్పో, నువ్వేనేటే" అని అరుచుకుంటుంటే అవతల వార్డులోంచి రోగుల బంధువులు వచ్చి చూశారు.

పాటా ప్రార్థనా అయ్యాక, బ్యాచిల వారీగా పేర్లు చదివారు. ప్రింటు తీసిన కాగితం నాది, చదివింది అత్తగారు. పేరు, ఎదురుగా సంవత్సరం. తమ బ్యాచి వచ్చేసరికి భావనపాడు ఆవిడ పేరు చదివి ఆగారు. ఆ గడి ఖాళీ.

"దీనిది ఏ సంవత్సరం?" అని ముందు వరసలోంచి ఎవరో అడిగారు.

ఆవిడ తనే లేచింది. "నాను పాసవనేదమ్మా. పరీక్షల ముందర పెళ్ళి సేసీసినారు. ఆ మూల గది నాది, కప్పు తీసీసారు సూడండి, అదే," అంది.

వెనక కుర్చీల్లోంచి ఒకావిడ లేచింది. ఆవిడ తన అక్కకు తోడొచ్చానని చెప్పి, పొద్దున్నుంచి అందరికీ మంచినీళ్ళు అందిస్తోంది. "నాదీ అదే కథ, రెండో ఏట పెళ్ళి," అంది. ఆవిడ పక్కనే ఇంకొకామె. ఆమెకు జబ్బు చేసి మానేసిందట, ఫారం తెరిచి చూసి, ఆ గడి దగ్గర మూసేసిందట. స్తంభం దగ్గర నిలబడ్డ ఒకావిడ చెయ్యి మాత్రం ఎత్తింది. అత్తగారు పెన్ను అడిగారు. ఒక్కొక్కరినీ పిలిచి, పేరడిగి, ఎవరి బ్యాచి కింద వాళ్ళని చేత్తో రాసుకున్నారు.

భోజనాలయ్యాక భావనపాడు ఆవిడ ఎక్కువసేపు ఉండలేదు, సరుకు లారీ వస్తుందని వెళ్ళిపోయింది. జనవరిలో వెళ్ళి చూస్తే హాస్టల్ చోట చదును చేసిన నేల, ఇనపచువ్వలు.

ఆ తర్వాత ఏడాదికి ఫారాల కంపెనీ ఉచిత ఖాతాలు ఎత్తేస్తున్నామని, మీ సమాచారం మీరు దించుకోండని మెయిల్ పంపింది. దించుకుని తెరిస్తే, తెలుగులో రాసిన పేర్లన్నీ ప్రశ్నార్థకాలు, ఖాళీ డబ్బాలు అయిపోయి ఉన్నాయి. అక్షరం మిగల్లేదు. ఇంగ్లీషులో ఉన్న ఫోన్ నంబర్లు మాత్రం చెక్కుచెదరలేదు. ఎన్ని రకాలుగా తెరిచినా అంతే. ఖాతా అప్పటికే మూసేశారు. ఆ శనివారం చదివిన కాగితం సెక్రటరీ తీసుకుని ఎక్కడో పోగొట్టాడు. నేను తలపట్టుకుని కూర్చున్నాను.

"పేర్లు పోయాయత్తయ్యా. నంబర్లే ఉన్నాయి."

ఆవిడ కుర్చీ లాక్కుని నా పక్కన కూర్చున్నారు. స్పీకర్ పెట్టుకుని, తెర మీద మొదటి నంబరు చూస్తూ నొక్కారు. అవతల ఎవరో ఎత్తి హలో అన్నారు.

"నా సంగతి తరవాత సెప్తాను గానీ," అన్నారు అత్తగారు, "ముందు నువ్వెవరివే?"